‘ఒక్కసారే కట్టాను’ అన్న పట్టుచీరను పరీక్షించడం ఎలా?

"ఒక్కసారే కట్టానండీ, అదీ మా మరిది పెళ్ళిలో." పాత పట్టుచీర అమ్ముదామని తెచ్చినవాళ్ళు దాదాపు అందరూ అనే మాట ఇది. వాళ్ళు కావాలని అబద్ధం చెబుతున్నారని నేననుకోను. మరిది పెళ్ళి గుర్తుంటుంది. ఆ తర్వాత వరలక్ష్మీ వ్రతానికి కట్టింది, పక్కింటమ్మాయి సీమంతానికి అరువిచ్చింది గుర్తుండవు. అవన్నీ చీర మీద ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఎక్కడ వెతకాలో తెలిస్తే అరగంట పని.

చెన్నై సాలిగ్రామంలో మా ఇంట్లోనే ఆరేళ్ళుగా పాత చీరలు తీసుకుని వాట్సాప్ గ్రూపులో అమ్ముతున్నాను. ఎక్కువగా కంచి పట్టు, తర్వాత గద్వాల్, ధర్మవరం, ఉప్పాడ. మధ్యలో కొన్నాళ్ళు కుర్తీలు, పిల్లల బట్టలు కూడా చూశాను. మీరూ ఈ పని మొదలుపెట్టాలనుకున్నా, మీ బీరువాలోవే నాలుగు తీసేయాలనుకున్నా ఈ వరసలోనే చూడండి.

చీర ఇంటికి రాకముందు

ఫోన్ చేసినవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే: "ఉన్నది ఉన్నట్టు తీసుకురండి. డ్రై క్లీనింగ్ వద్దు, పాలిష్ అసలే వద్దు." ఈ మాట ఊరికే రాలేదు. కొత్తలో ఒకావిడ నెమలికంఠం రంగు కంచి పట్టు పాలిష్ చేయించి తెచ్చారు. చీర పెళపెళలాడుతోంది, జరీ మెరుస్తోంది. పెద్దగా విప్పి చూడకుండానే తీసుకుని విజయవాడలో ఒకరికి అమ్మాను. ఆవిడ గృహప్రవేశానికి కట్టుకుని, పీటల మీద నుంచి లేచేసరికి వెనక జానెడు పొడవున పిగిలిపోయింది. నాకు ఫోటో పంపారు. కింద ఒక్క మాటా రాయలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. కొరియర్ ఖర్చుతో సహా డబ్బు వెనక్కి ఇచ్చాను. పాలిష్‌లో పెట్టే గంజి, బలం పోయిన పోగుల్ని అతికించినట్టు నిలబెడుతుంది. ఒంటి వేడికీ చెమటకూ అది మెత్తబడగానే అసలు సంగతి బయటపడుతుంది.

ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పుడు కొన్నారు? ఎక్కడ దాచారు? ఎప్పుడైనా నీళ్ళలో తడిసిందా? చెన్నైలో మూడోది తప్పనిసరి. 2015 డిసెంబరు వరదల్లో, మళ్ళీ 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలో బీరువాల కింది అరలు మునిగాయి. మిచౌంగ్ తీరం దాటింది మన బాపట్ల దగ్గర, కానీ చెన్నైని ముంచాకే అటు వెళ్ళింది. అలా తడిసిన చీరను ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మళ్ళీ మడత పెట్టినా ఒక గుర్తు పోదు: గోధుమరంగు గీత. అలలా వంకర్లు తిరిగి ఉంటుంది. చీర మడతలో ఉండగా తడిసింది కాబట్టి విప్పితే అదే గీత సమాన దూరంలో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. టీ ఒలికితే ఒకచోటే మరక ఉంటుంది, ఇలా వరసగా రాదు. ఇలాంటి చీర నేను తీసుకోను. అది వాననీరు మాత్రమే కాదు, మురుగు కలిసిన నీరు.

వెలుతురు, ముక్కు

రాత్రిపూట చీర కొనకండి. ట్యూబ్‌లైటు కింద లేతపసుపు మరకలు కనబడవు, వెలిసిన చోటు వెలిసినట్టు తెలియదు. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య డాబా మీద (ఇక్కడివాళ్ళ మాటలో మొట్టమాడి) నీడపట్టున తెల్ల దుప్పటి పరచండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. మీ గాజుకు తగులుకుని పోగు లేస్తే ఆ నష్టం మీదే.

విప్పేముందు వాసన చూడండి. పైన కాదు, మధ్య మడతలోకి వేళ్ళు పోనిచ్చి కొంచెం తెరిచి అక్కడ. కలరా ఉండల వాసనైతే టెన్షన్ లేదు, నాలుగు రోజులు నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది. ముక్కిన వాసన, అంటే తడిసిన గోనెసంచి లాంటిది వస్తే లోపల ఎక్కడో బూజు ఉంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా ఏడాదంతా సముద్రపు తేమ. ప్లాస్టిక్ కవర్లో బిగించి దాచిన చీరకు ఇక్కడ బూజు పట్టడం తేలిక. సెంటు గుప్పుమంటే ఇంకా జాగ్రత్త, దాని కింద చెమట వాసన ఉండొచ్చు. అలాంటిదాన్ని గంటసేపు గాలికి వదిలి మళ్ళీ చూడండి.

మడతలు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పట్టుచీర కట్టి చిరిగేదానికంటే బీరువాలో మడతపడి చిరిగేదే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంట పోగులు విరుగుతాయి, పైగా అదే గీత మీద ఇస్త్రీ పెట్టి ఉంటారు. జరీ బుటా సరిగ్గా మడత మీద పడితే ఇంకా త్వరగా పోతుంది, లోహపు తీగ పక్కనున్న పట్టుపోగును కోసేస్తుంది.

ఒక్కో మడత గీతనూ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నేత దగ్గరగా ఉన్నచోట మసకగా, పోగులు విరిగినచోట సూది మొనలంత వెలుగు చుక్కలుగా కనబడుతుంది. చుక్కలు వరసకట్టి ఉంటే చీర అక్కడ పిగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. తర్వాత గీతకు అటూ ఇటూ రెండు అంగుళాల దూరంలో బట్టను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. పిల్లల బుగ్గ గిల్లినంత బలం చాలు. మంచి పట్టు కొద్దిగా సాగి వెనక్కి వస్తుంది. పోయిన పట్టు సన్నగా చిటచిటమంటుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. విన్నారంటే అక్కడే ఆపండి, అమ్మేవాళ్ళ ముందు ఇంకా లాగి చింపితే మాట పడాల్సి వస్తుంది. పరీక్షకు ముందే వాళ్ళ అనుమతి అడగడం మర్యాద కూడా.

ఇలా రెండు మూడు చోట్ల తేలితే మిగతా పరీక్షలు అక్కర్లేదు. ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు. మడతల్ని ముందు చూడమన్నది అందుకే. మరకలతో మొదలుపెడితే చీర మీద మనసు పడిపోతుంది, ఆ తర్వాత పిగిలిన గీత కనబడినా కళ్ళు ఒప్పుకోవు.

ఎన్నిసార్లు కట్టారు?

మడతలు బాగుంటే ఇప్పుడు ‘ఒక్కసారే’ సంగతి చూడొచ్చు. ముందు ఫాల్ తిప్పి చూడండి. ఒక్కసారి కట్టిన చీర ఫాల్ కింది అంచు కొంచెమే మాసి ఉంటుంది. పదిసార్లు కట్టినదైతే నల్లటి గీత ఉంటుంది, బట్ట అరిగి నూగులేచి ఉంటుంది. ఫాల్ మాత్రం తెల్లగా కొత్తగా ఉండి చీర పాతగా ఉంటే, ఫాల్ పక్కన అంచును వెలుతురుకు పెట్టండి. పాత కుట్టు ఊడదీసిన సూది రంధ్రాలు వరసగా కనబడతాయి. ఫాల్ మార్చడం తప్పేమీ కాదు, చెప్పకపోవడమే ఇబ్బంది.

తర్వాత పిన్నీసు గుర్తులు. భుజం దగ్గర పైట మీద, నడుం దగ్గర కుచ్చిళ్ళ పైన. ఒకటి రెండు చిన్న రంధ్రాలు మామూలే, వేలితో అటూ ఇటూ రుద్దితే పోగులు సర్దుకుంటాయి. బరువైన పైటను ఒక్క పిన్నుతో నిలబెట్టినచోట రంధ్రం కోలగా సాగి, కింది పోగులు తెగి ఉంటాయి. అది రుద్దితే పోదు.

కట్టుచెంగు, అంటే నడుం దగ్గర మొదట దోపుకునే చివర, పరకాయించి చూడండి. లంగా బొందు ఒరిపిడి, చెమట రెండూ అక్కడే. కింది అంచులో మడమకు తగులుకుని చిరిగి, లోపలికి మడిచి కుట్టేసిన చోట్లుంటాయి. చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది. రఫూ చేసిన చోట్లు కూడా కంటికంటే వేళ్ళకే త్వరగా దొరుకుతాయి. కళ్ళు మూసుకుని చీరంతా ఒకసారి అరచేతుల మధ్య లాగండి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

టేపు పెట్టి కొలవండి. చీర సుమారు ఐదున్నర మీటర్లు, రవికె ముక్క మరో ఎనభై సెంటీమీటర్లు. రవికె ముక్క కోసి కుట్టించేసుకుంటే ఆ రవికె కూడా ఇస్తారేమో అడగండి. దాని చంకలు చూస్తే ఆ చీర ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో తెలిసిపోతుంది.

జరీ

అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసినది. ఆ పట్టుదారానికి మామూలుగా ఎర్రరంగు వేస్తారు. తర్వాతి రకంలో వెండి బదులు రాగి తీగ ఉంటుంది, దాని మీద వెండి పూత. అన్నిటికంటే చౌక, మెరిసే ప్లాస్టిక్ పొరతో చేసినది. పాత చీరల్లో ఏది ఏదో తేల్చడం ధరకు చాలా ముఖ్యం. వెండి ధర పెరిగిన రోజుల్లో, చిరిగిన పాత చీర కట్టే చీరగా కంటే జరీగానే ఎక్కువ పలకొచ్చు.

చీర వెనకవైపు, చివర్లో వేలాడే జరీపోగు ఒకటి తీసుకోండి, లేకపోతే అడిగి అంగుళం ముక్క కత్తిరించుకోండి. గోటితో గీకి పైపొర విప్పితే లోపలి దారం కనబడుతుంది. ఎర్ర పట్టుదారమైతే మంచి సూచన, కానీ నకిలీవాళ్ళకూ ఎర్రరంగు దొరుకుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి. పూత అరిగినచోట రంగు చూడండి. కింద తెల్లగా ఉండి, గాలికి నల్లబడి ఉంటే వెండి కావచ్చు. ఎర్రటి రాగి రంగు తేలినా, పచ్చటి చిలుము పట్టినా రాగి తీగ. చివరిగా పోగును స్టీలు పళ్ళెం మీద పెట్టి అగ్గిపుల్లతో కాల్చండి. ప్లాస్టిక్‌ది ముడుచుకుని కరిగిపోతుంది. తీగ చుట్టినదైతే లోపలి దారం కాలి లోహం మిగులుతుంది. ఇది ఇంట్లో చేసుకునే అంచనా మాత్రమే. పెద్ద ధర చీరైతే జరీ కొనేవాళ్ళ దగ్గర పరీక్ష చేయించండి, ఒకరి దగ్గర కాదు, ఇద్దరి దగ్గర. "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగేవాళ్ళకు మొదటి బేరానికే ఇవ్వకండి.

జరీ నల్లబడిందని చీరను తోసేయకండి. వెండికి గాలిలోని గంధకం తగిలితే నల్లబడటం సహజం. కొంతమంది కొనేవాళ్ళు ఆ ముదురు రంగే అడుగుతారు. నిమ్మకాయ, చింతపండు, టూత్‌పేస్టు చిట్కాలు చీర మీద ప్రయోగించవద్దు. అవి ఇత్తడి చెంబులకు సరి.

మరకలు

చీరను గజం గజం చొప్పున జరుపుతూ పైవైపు, వెనకవైపు చూడండి. నూనె మరక వెలుతురుకు పెడితే చుట్టూ కంటే పారదర్శకంగా కనబడుతుంది. చెమట మరక అంచు తెల్లగా ఉప్పు గీతలా ఉంటుంది, అక్కడ రంగు మారిపోయి ఉంటే ఇక తిరిగిరాదు. కుంకుమ మరక ఎరుపు, చందనం పొడిపొడిగా రాలుతుంది. పెళ్ళిచీరల మీద పసుపు మరక చాలామంది దోషంగా చూడరు. "పసుపేగా, శుభం" అని తీసుకున్నవాళ్ళు నాకు ఉన్నారు. అయినా చెప్పే అమ్మండి.

తెల్ల నూలుబట్ట మీది పచ్చమరక పసుపుదో, తుప్పుదో తేలకపోతే చిన్న ఉపాయం ఉంది. సబ్బునీళ్ళు ఒక చుక్క వేయండి. పసుపైతే కళ్ళముందే ఎర్రగా మారుతుంది. తుప్పు మారదు. కడిగి ఎండలో ఆరేస్తే పసుపు మెల్లగా వెలుస్తుంది, తుప్పు వెలవదు. పట్టు మీద మాత్రం ఈ పని చేయొద్దు, సబ్బులోని క్షారం పట్టుకు పడదు.

రంగు దిగుతుందేమో చూడటానికి, తడిపి పిండిన తెల్ల గుడ్డముక్కతో లోపలి చెంగు మూల పదిసార్లు రుద్దండి. ముదురు ఎరుపు, మెరూన్, నీలం చీరలకు ఇది తప్పకుండా చేయండి.

పట్టేనా?

చెంగు చివర పోగు ఒకటి కాల్చండి. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. కాగితం కాలిన వాసనైతే నూలో, విస్కోసో. పడుగు పోగు, పేక పోగు రెండూ విడివిడిగా కాల్చండి, ఒకటి పట్టు, ఒకటి కాకుండా నేసినవి ఉన్నాయి. సిల్క్ మార్క్ చీటీ లేదని అనుమానపడొద్దు. అది వచ్చిందే 2004లో, పైగా చీటీ దాచుకునేవాళ్ళెవరు?

కంచి చీరలో అంచు వేరే రంగైతే, అంచూ చీర ఒళ్ళూ కలిసేచోట వెనకనుంచి వేలితో తడమండి. మూడు నాడెలతో (పేక పోగును అటూ ఇటూ నడిపేవి) కలిపి నేసిన కోర్వై అంచైతే రంపపు పళ్ళలా చిన్న మెట్లు తగులుతాయి. సంప్రదాయ గద్వాల్‌కు చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు కాబట్టి అతుకు దగ్గరే బలహీనం, అక్కడ వెలుతురు పరీక్ష రెండుసార్లు చేయండి. పోచంపల్లి ఇకత్ ముందూ వెనకా ఒకేలా ఉండాలి, వెనక వెలవెలబోతే అది ప్రింటు. ఉప్పాడ జామ్‌దానీలో లేచిన పోగులు లెక్కపెట్టుకోండి.

మిగతా బట్టలు

చొక్కాకు కాలరు మడత లోపల, చేతి పట్టీ, చంకలు. బోరునీళ్ళలో ఉతికిన తెల్లచొక్కాలు పసుపెక్కి ఉంటాయి, అవి పెద్దగా పోవు. జీన్స్‌కు తొడల లోపల బట్ట పలచబడిందేమో వెలుతురుకు చూడండి, జిప్పు నాలుగుసార్లు లాగండి. ఎలాస్టిక్ సాగదీసి వదిలితే కరకరమంటే లోపల రబ్బరు పోయినట్టే. పట్టులంగాలు పిల్లలు ఎదిగిపోవడం వల్ల వచ్చేవి కాబట్టి సాధారణంగా బాగుంటాయి. లోపల వదిలిన కుట్టు ఎంతుందో కొలిచి రాయండి, అమ్మలు ముందు అడిగేది అదే. లెహంగాలకు రాళ్ళు, పూసలు ఎన్ని ఊడాయో లెక్కపెట్టాలి, ఇది విసుగు పని. లోదుస్తులు, సాక్సులు ఎంత కొత్తవైనా తీసుకోకండి.

ధర కట్టడం

నేను చీరల్ని నాలుగు కుప్పలుగా పెడతాను: కొత్తదే, కట్టినది, చెప్పి అమ్మాల్సినది, ముక్కలకు. ఫాల్ కూడా కుట్టించనిదే ‘కొత్తదే’. మచ్చా చిల్లీ లేకుండా మామూలు వాడకపు గుర్తులున్నది ‘కట్టినది’. ఒకటి రెండు మరకలు, రఫూ, నల్లబడ్డ జరీ ఉంటే మూడోది. మడతలు పిగిలినది నాలుగోది, అది దర్జీలకు వెళ్తుంది. అంచు బాగుంటే రవికె చేతులకు, పిల్లల లంగాలకు వాడతారు.

అమ్మేవాళ్ళు అప్పట్లో ఎంతకు కొన్నారన్నది ధరకు ఆధారం కాదు. టీ నగర్ పానగల్ పార్కు చుట్టూ ఉన్న దుకాణాల్లో అలాంటి చీరే ఇవాళ కొత్తది ఎంతో చూసి, అక్కడ నుంచి కిందికి రండి. ‘కట్టినది’ కొత్తదాని ధరలో సగం దాటితే నా దగ్గర కదలదు. జులై నడిమి నుంచి ఇక్కడ ఆడి (తమిళుల నెల) తగ్గింపులుంటాయి. ఆ నెలలో కొనడానికి మంచిది, అమ్మడానికి కాదు. శ్రావణ శుక్రవారాలకు ముందు మళ్ళీ ఊపొస్తుంది.

రాయడం, పంపడం

ఫోటోలు పగటి వెలుతురులోనే తీయండి, ఫిల్టర్లు వద్దు. లోపాన్ని పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి, ఎంత పెద్దదో ఊహించుకోవాల్సిన పని ఉండదు. రాత ఇలా ఉంటే చాలు:

"కంచి పట్టు, ఆకుపచ్చకు మెరూన్ కోర్వై అంచు. 2009లో కొన్నది. నాలుగైదుసార్లు కట్టినది. మడతలు గట్టిగా ఉన్నాయి, వెలుతురుకు చూశాను. జరీ కొంచెం నల్లబడింది, రాగి కనబడలేదు. పైట మీద భుజం దగ్గర రెండు పిన్ను రంధ్రాలు, కట్టుచెంగులో రూపాయి బిళ్ళంత నూనె మరక, కడితే లోపలికి పోతుంది. ఫాల్ మార్చాలి. రవికె ముక్క లేదు. పాలిష్ చేయించలేదు."

ఇలా రాస్తే ఎవరు కొంటారని మా ఆయన మొదట్లో అడిగేవారు. ఆ ఆకుపచ్చ చీర పెట్టిన రోజే పోయింది. కొన్నావిడ అడిగింది ఒక్కటే, ఆ నూనె మరక ఫోటో ఇంకొకటి పంపమని.

పంపేముందు పాత మడతల మీద కాకుండా వేరేచోట మడత వేసి, పలచని తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. అట్టపెట్టెలో పెట్టాక వానాకాలమైతే పైన ప్లాస్టిక్ కవరు వేయండి. మూసేముందు చీరంతా విప్పుతూ ఒక నిమిషం వీడియో తీసి దాచుకోండి. అవతలివాళ్ళు విప్పేటప్పుడూ వీడియో తీయమనండి.